బంతి లేనప్పటి పని

సూళ్లూరుపేటలో నన్ను గుర్తుపట్టినవాళ్ళు మొదట అడిగేది, ఎన్ని గోల్స్ కొట్టావని. రెండోది, అంత చలిలో ఎలా ఉన్నావని. రెండింటికీ నా దగ్గర సరైన జవాబు లేదు. గోల్స్ లెక్క నేను పెట్టుకోలేదు. చలికి అలవాటుపడడం అనేదేమీ ఉండదు, ఇంకో చొక్కా వేసుకోవడమే.

నేను స్ట్రైకర్‌ని. జట్టులో అందరికంటే ముందు నిలబడి గోల్ కొట్టాల్సిన మనిషిని. ఇరవై రెండేళ్ళకి దేశం దాటాను. పోయిన సంవత్సరం, ముప్పై మూడేళ్ళకి, బూట్లు విప్పేశాను. ఇంకే ఉద్యోగంలోనైనా ఆ వయసువాళ్ళని కుర్రవాళ్ళనే అంటారు, మా పనిలో అది రిటైర్మెంటు. ఇప్పుడు సాయంత్రం పూట ఇక్కడి ఆడపిల్లలకి ఆట నేర్పుతున్నాను. వాళ్ళలో ఇద్దరు ముగ్గురికి బయటి దేశాలు పోయి ఆడాలని ఉంది.

మొన్న వాళ్ళలో ఒకమ్మాయి అడిగింది: "అక్కా, బంతి మన దగ్గరికి రాకపోతే అంతసేపూ ఏం చెయ్యాల?"

ఇది రాయడానికి ఆ ప్రశ్నే కారణం. ఆట మొత్తంలో స్ట్రైకర్ కాలికి బంతి తగిలే సమయం చాలా కొంచెం. మిగిలిందంతా బంతి లేని సమయమే. అసలు ఉద్యోగం అక్కడే ఉంది. ఆ సంగతి నాకు మన దేశంలో ఉండగా ఎవరూ చెప్పలేదు. బయట నా మొదటి సీజన్‌లో మిలేనా అనే ఆవిడను చూసి నేర్చుకున్నాను. నా చోటు తీసుకోవడానికి వచ్చిన మనిషి ఆమె. తర్వాత నాలుగు దేశాల్లో ఆడాను కానీ, ఆ పని నాకు అర్థమైంది ఆ ఒక్క వేసవిలోనే. అందుకని దాని గురించే చెబుతాను.

రాకెట్టు గోల్

మాది పులికాట్ ఒడ్డున చేపలు పట్టే ఊరు. నాన్న పడవ మీద, అమ్మ గంపతో పేట మార్కెట్‌లో. ఎండాకాలం వస్తే మా వైపు సరస్సు ఎండి, నేల బీటలు వారి బండలాగా తయారయ్యేది. అంత పెద్ద గ్రౌండు ఏ దేశంలోనూ నేను మళ్ళీ చూడలేదు. హద్దులు లేవు. బంతి గట్టిగా తంతే పోయి తెచ్చుకోవడానికే సగం పొద్దు గడిచేది. నా పరుగంతా అక్కడిదే.

హైస్కూల్లో మస్తానయ్య సార్ మాకు డ్రిల్లు మాస్టారు. ఆడపిల్లలకి ఫుట్‌బాల్ టీం పెట్టింది ఆయనే. ఒకరోజు వెంకటాచలం వైపు నుంచి వచ్చిన పిల్లలతో మా గ్రౌండ్‌లో మ్యాచ్ ఆడుతున్నాం. మధ్యలో శ్రీహరికోట నుంచి రాకెట్టు లేచింది. మాకది మామూలే. కిటికీలు గడగడమంటే రాకెట్టు పోతున్నదనుకుని పని చేసుకుంటాం. కానీ వచ్చిన పిల్లలకి కొత్త. వాళ్ళ గోల్‌కీపర్‌తో సహా అందరూ తలలు పైకెత్తి నోళ్ళు తెరిచి చూస్తున్నారు. బంతి నా కాళ్ళ దగ్గరే ఉంది. నేను నడుచుకుంటూ వెళ్ళి గోల్‌లోకి తోసేశాను.

పెద్ద గొడవైంది. వాళ్ళ మాస్టారు అది చెల్లదన్నాడు. మస్తానయ్య సార్ విజిల్ నోట్లోంచి తీసి, "రాకెట్టు లేస్తే ఆట ఆపాలని యాడ రాసుండాది సార్? మీవాళ్ళు పైకి చూసినారు, మా పిల్ల ముందుకి చూసింది, అంతే గదా" అన్నాడు. గోల్ ఇచ్చేశాడు. అందరూ నవ్వారు. నేను కూడా దాన్ని అల్లరి కిందే లెక్కేశాను. నా వృత్తిలో మొదటి పాఠం అదేనని చాలా ఏళ్ళకి గాని తెలియలేదు.

ఆ తర్వాత లోకల్ ట్రెయిన్‌లో చెన్నై పోయివస్తూ అక్కడ ఒక క్లబ్బుకి ఆడాను. ఆ కోచ్ నాకు ఒకే మాట నేర్పాడు: "నీకు స్పీడుంది, పరిగెత్తు చాలు. ఆలోచన నాకొదిలెయ్." మూడేళ్ళు అలాగే పరిగెత్తాను, గోల్స్ కూడా వచ్చాయి. మిమ్మల్ని ఎవరైనా కోచ్ ఇలా మెచ్చుకుంటే జాగ్రత్తపడండి. మెచ్చుకున్నట్టే ఉంటుంది గానీ, నీకు తల అక్కర్లేదని చెప్పడమే అది.

పేరు పెట్టి పిలవలేక

చెన్నైలో నా ఆట వీడియో చూసి ఒక ఏజెంటు ఐస్‌ల్యాండ్‌లో చిన్న క్లబ్బు మాట్లాడిపెట్టాడు. ఉత్తరాన కొండల మధ్య, సముద్రం పాయ పక్కన, చేపల మీద బతికే రేవు ఊరు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. ఏజెంటు చూపించే ఫోటోలో గ్రౌండు కనబడుతుంది, గాలి కనబడదు.

మైదానం మూల నుంచి కార్నర్ కొడితే బంతి గోల్ వైపు పోయి, గాలిలో ఆగి, కొట్టినవాళ్ళ దగ్గరికే తిరిగొచ్చే గాలి అది. జనం గ్రౌండ్ చుట్టూ కార్లు నిలుపుకుని అద్దాలు మూసుకుని లోపల కూర్చునే ఆట చూస్తారు. గోల్ పడితే చప్పట్లుండవు, అన్ని కార్లూ ఒకేసారి హారన్ కొడతాయి.

కోచ్ పేరు సిగ్రున్. నలభై దాటిన మనిషి, పగలు స్కూల్లో లెక్కల టీచర్. ఆ దేశంలో ఎంత పెద్దవాళ్ళనైనా పేరుతోనే పిలుస్తారు, సార్, మేడం అనేవి లేవు. నాకు ఆ పేరు ఒట్టిగా నోట్లోంచి వచ్చేది కాదు. మొదటి నెలంతా ఆమెను ఏమీ పిలవకుండానే నెట్టుకొచ్చాను. ఎదురుగా వెళ్ళి నిలబడి, ఆమె నన్ను చూసేదాకా ఆగేదాన్ని. ఒకరోజు ప్రాక్టీసులో ఆమె అటు తిరిగి ఉంటే తొందరలో "సిగ్రున్ అక్కా!" అని అరిచేశాను. అంటే ఏమిటని అడిగింది. పెద్ద తోడబుట్టినది అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే నిన్ను తిట్టొచ్చన్నమాట" అంది.

జట్టులో చాలామందికి వేరే ఉద్యోగాలున్నాయి. గోల్‌కీపర్ యోన్నా చేపల ఫ్యాక్టరీలో పని చేసి, అటునుంచటే ప్రాక్టీసుకి వచ్చేది. ఆటే ఉద్యోగంగా బయటినుంచి తెచ్చుకున్నది నన్నే. ఆ గౌరవం ఎంత బరువో మొదటి వారంలోనే తెలిసింది. మిగతావాళ్ళు ఓడిపోతే మర్నాడు తమ పనికి పోతారు. నేను ఓడిపోతే నా పనే అది.

అమ్మ వీడియో కాల్‌లో గోల్స్ గురించి తక్కువ, చేపల గురించి ఎక్కువ అడిగేది. రేవు దగ్గరికి పోయి ఫోన్ పెట్టి చూపించమనేది. అక్కడ పెద్ద పెద్ద చేపల తలకాయలు దండేలకి గుత్తులుగా కట్టి గాలికి ఎండబెడతారు.

"ఉప్పు పట్టించకుండానా మే? పురుగు పట్టదా?"

"ఈ చలికి పురుగు బతకదమ్మా."

"మనిషి బతుకుతుండాడు గదా," అంది అమ్మ. నా జవాబు ఆమెకు నచ్చలేదు. మర్నాడు మళ్ళీ అదే అడిగింది.

గోల్ లేని రోజులు

నెలన్నరపాటు ఒక్క గోల్ కూడా కొట్టలేదు. స్ట్రైకర్‌కి గోల్ రాకపోవడం ఎలాంటిదో చెప్పాలి. మొదటి మ్యాచ్‌కి ఎవరూ పట్టించుకోరు. రెండోదానికి భుజం తడతారు. మూడోదానికి భుజం తట్టడం మానేస్తారు. ఆ తర్వాత కిరాణా కొట్టులో కూడా జనం మనతో వాతావరణం గురించే మాట్లాడతారు.

నేను పరిగెత్తాను. ఇంకా ఎక్కువ పరిగెత్తాను. చెన్నైలో పరిగెడితే బంతి దొరికేది. ఇక్కడ నేను పోయేసరికి నన్ను అడ్డుకునే డిఫెండర్ అక్కడే ఉండేది, నాకోసం ముందే వచ్చి కూర్చున్నట్టు.

సిగ్రున్ తిట్టలేదు. ఒక మ్యాచ్‌లో బంతిని వదిలేసి నన్నొక్కదాన్నే వీడియో తీయించి, స్కూల్లో తన క్లాసు గదిలో కూర్చోబెట్టి చూపించింది. అరగంట చూశాను. తెర మీద ఒక పిల్ల నడుం మీద చేతులేసుకుని, తిరణాల చూడ్డానికి వచ్చినదానిలా నిలబడి, బంతి ఎటు పోతే అటు తల తిప్పుతోంది. ఉన్నట్టుండి ఒక పరుగు. మళ్ళీ నడుం మీద చేతులు.

"ఈ అమ్మాయి ఏం చేస్తోంది?" అని అడిగింది సిగ్రున్.

"బంతి కోసం చూస్తోంది."

"టికెట్ కొనుక్కున్నవాళ్ళు చేసే పని అది. నీకు మేం జీతం ఇస్తున్నాం."

ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. ఆమె ఆడే రోజుల్లో డిఫెండర్. స్ట్రైకర్ ఏం చెయ్యకూడదో తనకు తెలుసునని, ఏం చెయ్యాలో తెలిసిన మనిషిని పిలిపిస్తున్నానని అంది. ఆ మాట చెప్పేటప్పుడు నా ముఖంలోకి చూసింది. మెత్తగా చెప్పలేదు, దాచలేదు. మంచి బాస్ అంటే నాకు ఇప్పటికీ అదే కొలత.

ఒకే చోటు, ఒకే ఇల్లు

వారం తిరక్కుండానే మిలేనా దిగింది. సెర్బియా మనిషి, ముప్పై మూడేళ్ళది. అయిదారు దేశాల్లో ఆడింది. క్లబ్బుకి ఉన్నది ఒకటే ఇల్లు కాబట్టి నాకు మేడ మీద ఇచ్చిన గదుల్లోనే ఆమెకూ ఒక గది ఇచ్చారు. జట్టులో స్ట్రైకర్ చోటు ఒకటే. అది ఎవరికిచ్చారో వేరే చెప్పక్కర్లేదు. నేను మైదానం పక్కన, ఆడనివాళ్ళ బెంచి మీద కూర్చున్నాను.

ఆమె పరుగు చూసి ముందు నవ్వొచ్చింది. నాతో పందెం పెడితే సగం గ్రౌండ్ వెనకబడుతుంది. అలాంటి మనిషి వచ్చిన మొదటి మ్యాచ్‌లోనే గోల్ కొట్టింది, రెండోదాంట్లోనూ కొట్టింది. బంతి ఎక్కడ పడబోతుందో అక్కడ ముందే ఉంటుంది. పక్కన డిఫెండర్ ఉండదు.

అసూయ వచ్చిందా అంటే వచ్చింది. కానీ అంతకంటే పెద్దది ఇంకొకటి వచ్చింది. ఎలా చేస్తోంది? నిద్ర పట్టనివ్వని ప్రశ్న అది. ఒకరోజు వంటింట్లో ఆమె ఉల్లిపాయలు తరుగుతుంటే అడిగేశాను. మా ఇద్దరిదీ అంతంతమాత్రం ఇంగ్లీషు, అందుకే మాటలు ముక్కుసూటిగా ఉండేవి.

"నువ్వు నాకంటే నిదానం. అయినా నువ్వే ముందు చేరతావు. ఎలా?"

"చెబితే నీకొస్తుంది. నీకొస్తే నేను ఇంటికి పోతాను," అంది ఉల్లిపాయల మీంచి తల ఎత్తకుండా. "నువ్వే కనుక్కో."

ఆ జవాబు నాకు నచ్చింది. నేర్పుతానని చెప్పి నేర్పనివాళ్ళను చెన్నైలో చూశాను. ఈమె నేర్పనని చెప్పింది.

బెంచి మీది చోటు చెడ్డదని అందరూ అంటారు. దాని గురించి నా అభిప్రాయం వేరు. మైదానం మొత్తం కనబడేది అక్కడినుంచే. అయితే చూడడం రావాలి. మొదట పాస్ ఇచ్చేవాళ్ళ కాలు చూసి బంతి ఎటొస్తుందో ఊహిస్తోందనుకున్నాను. ఒక మ్యాచ్ అంతా అదే చూశాను. కాదు, కొన్నిసార్లు ఆమె వీపు అటే ఉంటోంది. తర్వాత బంతిని వదిలేసి ఆమెనే చూడాలనుకున్నాను. అదెంత కష్టమో మీరే ఒకసారి ప్రయత్నించండి. బెల్లం మీదికి ఈగ పోయినట్టు కళ్ళు బంతి మీదికే పోతాయి. చివరికి తువ్వాలు అంచు కళ్ళకి అడ్డం పెట్టుకుని చూశాను. నేనేడుస్తున్నాననుకుని యోన్నా గోల్ దగ్గరినుంచే, బంతులు అందించే పిల్ల చేత సీసాతో నీళ్ళు పంపింది.

అప్పుడు దొరికింది. మిలేనా బంతిని చూడడం లేదు. తనకు కాపలా ఉన్న డిఫెండర్ తలను చూస్తోంది. డిఫెండర్‌కి కాయాల్సినవి రెండు, బంతీ, స్ట్రైకరూ. రెండూ ఒకేసారి చూడడం కుదరదు. బంతి కోసం తల తిప్పిన ఆ క్షణంలో మిలేనా రెండడుగులు జరుగుతుంది. డిఫెండర్ మళ్ళీ ఇటు చూసేసరికి ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంటుంది. మళ్ళీ తల తిరుగుతుంది, మళ్ళీ రెండడుగులు. అలా ఎవరికీ తెలియకుండా ఖాళీలోకి చేరిపోతుంది. పరుగు అవసరమే లేదు.

అదే రాకెట్టు గోల్. అందరూ పైకి చూస్తుంటే నేను ఒక్కసారి చేసింది, ఈమె ఆట పొడుగునా చేస్తోంది. రాకెట్టు కోసం ఆగకుండా.

ఆ సాయంత్రం వంటింట్లోకి పోయి, "నువ్వు చూసేది బంతిని కాదు, డిఫెండర్ తలని," అన్నాను.

మిలేనా గరిటె కింద పెట్టింది. "ఎన్నాళ్ళు పట్టింది?"

"నువ్వొచ్చినప్పటినుంచీ ఇదే పని."

"నాకు ఆరేళ్ళు పట్టింది," అంది. కాసేపు నన్ను పరీక్షగా చూసి, "కూర్చో," అంది. ఆ రోజునుంచి ఏదీ దాచలేదు. డిఫెండర్ అలిసిపోతే మొదట తెలిసేది ఆమె చేతుల్లో అనీ, కొత్త డిఫెండర్ తప్పు చేశాక వెంటనే బంతి దగ్గరికి ఉరుకుతుందనీ, గోల్‌కీపర్ గోడ వైపు ఉమ్మేస్తే భయపడుతున్నట్టనీ. చివరిది నిజమో కాదో నాకిప్పటికీ తెలియదు. కానీ చూస్తూనే ఉన్నాను.

నడుముకి తగిలిన గోల్

నన్ను చివర్లో కాసేపు దించడం మొదలుపెట్టింది సిగ్రున్. అలా దిగిన రెండో మ్యాచ్‌లో కార్నర్ వచ్చింది. నన్ను కాస్తున్న డిఫెండర్ తల తిప్పింది. రెండడుగులు జరిగాను. గాలికి బంతి దారి తప్పి, ఎవరి తలకో తగిలి, నా నడుముకి కొట్టుకుని గోల్‌లో పడింది. కార్లన్నీ హారన్లు మోగించాయి. నాకు సిగ్గేసింది. ఇన్నాళ్ళకి వచ్చిన గోల్ ఇదా అనిపించింది.

అమ్మ అడిగింది: "ఎట్ట ఏసినావు?"

"నేనెయ్యలేదమ్మా. నడుముకి తగిలి పోయింది."

"తగిల్తే తగిలింది. లోపలికే గదా పోయింది? ఇంకేం గావాల నీకు?"

అందమైన గోల్ కోసం చూసేవాళ్ళు ఈ పనిలోకి రావద్దు. ఆ బంతి నడుముకి తగలడం అదృష్టం. ఆ నడుము అక్కడ ఉండడం అదృష్టం కాదు.

ఆ తర్వాత ఒక మ్యాచ్ ఆమె మొదలుపెడితే ఇంకోటి నేను. ఇంట్లో పోటీ మాట ఎత్తేవాళ్ళం కాదు. ఆమె నా చేపల పులుసు తిని ముక్కు తుడుచుకుంటూ నన్ను తిట్టేది, మళ్ళీ గిన్నె ముందుకు జరిపేది. అమ్మ ఫోన్‌లో ఆమెకు తెలుగులోనే అన్నీ చెప్పేది. ఆమె తన భాషలో జవాబిచ్చేది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో తెలియదు గానీ, చివర్లో ఇద్దరూ నవ్వేవాళ్ళు.

మెట్లు

వేసవి చివర్లో ఒక ఉదయం మిలేనా మెట్లు దిగడం చూశాను. పక్కకి తిరిగి, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి దిగుతోంది. నన్ను చూడగానే మామూలుగా దిగింది. పెదవి కొరుక్కుని.

కుడి మోకాలు వాచి ఉంది. ఆమె నొప్పి మాత్రలు మింగి ప్రాక్టీసుకి వస్తోంది. ఇంటికి రాగానే ఫ్రిజ్‌లోంచి గడ్డకట్టిన బఠాణీల పొట్లం తీసి మోకాలికి కట్టుకుంటోంది. సిగ్రున్‌కి చెప్పమన్నాను.

"ఇది నా ఆఖరి సీజన్, మణీ. ఇంకొన్ని మ్యాచ్‌లే. చెప్పాలో లేదో నేను చూసుకుంటాను. నువ్వు కాదు."

"మోకాలు పోతే?"

"నా మోకాలు. నీది కాదు."

రెండు రోజులకి ప్రాక్టీసులో మలుపు తిరుగుతూ పడిపోయింది. కాలు జారిందని నవ్వుతూ లేచింది. ముఖం తెల్లగా పాలిపోయింది. అందరూ నమ్మారు. నేను నమ్మలేదు.

ఇక్కడ నా పరిస్థితి అర్థం చేసుకోండి. మా జట్టు అట్టడుగున ఉంది. వచ్చే మ్యాచ్ ఓడితే కింది లీగ్‌కి దిగిపోతాం. దిగిపోతే వచ్చే ఏడు బయటివాళ్ళను పెట్టుకునే స్తోమత క్లబ్బుకి ఉండదు. ఆ మ్యాచ్‌కి మిలేనా పేరే అనుకుంటున్నారు. నేను నోరు విప్పితే ఆ చోటు నాది. విప్పకపోతే ఆమె మోకాలు. ఎటు చేసినా నా చెయ్యి శుభ్రంగా ఉండదు.

అమ్మకి ఫోన్ చేశాను.

"చెప్పు మే. ఆ పిల్ల ఏడిస్తే ఏడవనీ. కాలు పోతే యాడ తెస్తావు?"

"నా చోటు కోసం చెప్పినానని అనుకుంటుందమ్మా."

"అనుకోనీ. నీకు కూడా అట్టనే ఉండాదేమో, నువ్వు చూసుకో," అంది అమ్మ. "చెప్పేదైతే చెప్పు, కానీ పుణ్యం చేస్తుండా అనుకోబాక."

మధ్యాహ్నం స్కూల్‌కి వెళ్ళాను. వరండాలో పిల్లల బూట్లు వరసగా పెట్టి ఉన్నాయి, నావి కూడా విప్పి పెట్టాను. సిగ్రున్ బోర్డు తుడుస్తోంది. చెప్పాను. ఆమె డస్టర్ పట్టుకునే నిలబడింది.

"ఈ మాట వల్ల నీకు లాభం ఉందని తెలుసా?"

"తెలుసు."

"తెలిసే వచ్చావా?"

"అవును."

"సరే," అంది. మంచిపని చేశావని అనలేదు. నాకు ఆ మాట కావాలని ఉండింది. ఇవ్వలేదు.

మర్నాడే మిలేనాని రాజధానికి స్కానింగ్‌కి పంపారు. మోకాలి లోపల మెత్తటి పొర చిరిగిందనీ, అలాగే ఆడితే జీవితాంతం కుంటుతూనే నడవాల్సి వస్తుందనీ డాక్టర్ చెప్పాడట. ఆపరేషన్ చెయ్యాలి, ఆట మాట మర్చిపోవాలి. ఆమె తిరిగొచ్చి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. వంటింట్లో నేనుంటే తను బయట, తనుంటే నేను బయట. అంత చిన్న ఇంట్లో ఇద్దరు మనుషులు తప్పించుకు తిరగడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

ముందే మోగిన హారన్

ఆ మ్యాచ్ గురించి పేపర్‌లో నా పేరు రాలేదు. రావాల్సిన అవసరం కూడా లేదు. నేను గోల్ కొట్టలేదు.

ఆ రోజు గాలి ఇంకో తీరుగా ఉంది. పైన మబ్బులు ఒకవైపు, కింద దుమ్ము ఒకవైపు. అవతలి జట్టువాళ్ళు నాకు ఇద్దరు డిఫెండర్లను పెట్టారు. ఆట సగం దాటేదాకా ఇద్దరూ నన్ను వదల్లేదు. నేను వాళ్ళ తలలు చూస్తున్నాను. ఇద్దరున్నప్పుడు ఒక ఇబ్బంది ఉంటుంది, ఒకరు చూస్తుంటారులే అని ఇంకొకరు అనుకుంటారు. ఒకసారి ఇద్దరూ ఒకేసారి బంతి వైపు తిరిగారు. నేను గోల్ వైపు పోలేదు. అడ్డంగా, కుడి పక్కకి, కావాలని వాళ్ళకి కనబడేలా పరిగెత్తాను. ఉలిక్కిపడి ఇద్దరూ నా వెంట పడ్డారు.

వాళ్ళు వదిలిన చోటు గోల్ ఎదురుగా, వాకిలి ఊడ్చినంత ఖాళీ. ఎడమవైపు నుంచి మా జట్టులోని బిర్నా అనే అమ్మాయి, ఆసుపత్రిలో నర్సు, ఆ ఖాళీలోకి నడిచినట్టే వచ్చి బంతి లోపలికి తన్నింది.

కార్లన్నీ హారన్ కొట్టాయి. కానీ అంతకు ముందే, ఆ ఇద్దరూ నా వెంట పడగానే, బిర్నా కాలు బంతికి తగలకముందే, ఒక్క కారు హారన్ మోగింది. నేను విన్నాను. అంత పరుగులో కూడా విన్నాను.

అవతలివాళ్ళూ ఒక గోల్ కొట్టారు, ఆట ఒకటి ఒకటిగా సమానంగా ముగిసింది, డ్రాకి వచ్చే ఆ ఒక్క పాయింటుతో లీగ్‌లో నిలబడ్డాం. బట్టలు మార్చుకుంటుంటే యోన్నా నవ్వుతూ చెప్పింది: "మా నాన్న కారులో కూర్చుంది మిలేనా. ఆమెకి తొందరెక్కువ. గోల్ పడకముందే హారన్ మీద చెయ్యి పెట్టేసిందట. ఇంకా బంతి రాలేదమ్మా అని మా నాన్న చెయ్యి తీసేశాడట."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మిలేనా హారన్ కొట్టింది గోల్‌కి కాదని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

బస్సు

రెండు రోజులకి ఆమె ఊరు విడిచి వెళ్ళింది. ఆపరేషన్ తన దేశంలోనే చేయించుకుంటానంది. చంకలో కర్రలున్నాయి కాబట్టి పెట్టె ఎవరో ఒకరు మొయ్యాలి. ఇంట్లో ఉన్నది నేనే. బస్టాపు దాకా ఇద్దరం మాట్లాడకుండా నడిచాం. ఆమె నడకకి తగ్గట్టు నేనూ నిదానంగా నడిచాను.

బస్సు దూరంగా కనబడగానే నాకు గాభరా పుట్టింది. ఎన్ని రోజులుగానో లోపల పేర్చుకున్న మాట బయటపడింది.

"మిలేనా, నీ మోకాలి కోసమే చెప్పాను."

ఆమె నా వైపు తిరిగింది. "అబద్ధం ఆడొద్దు. సగం నా మోకాలి కోసం. సగం నా చోటు కోసం."

నేను కాదనబోయి ఆగాను. తలూపాను.

"స్ట్రైకర్‌వి కదా," అంది. "ఆ రెండో సగం లేకపోతే ఈ పనికి పనికిరావు. మొదటి సగం లేకపోతే మనిషిగా పనికిరావు. ఎంతెంత ఉందో కొలుచుకుంటూ కూర్చోకు, నిద్ర పట్టదు."

బస్సు వచ్చి ఆగింది. పెట్టె లోపల పెట్టాను. కర్రలు ముందు అందించి, గుమ్మం కడ్డీ పట్టుకుని ఎక్కింది. ఎక్కాక వెనక్కి తిరిగింది.

"ఇంకో సంగతి, మణీ. వాపు నువ్వు చూసిన రోజే వెళ్ళి చెబుతావనుకున్నాను. అన్ని రోజులు ఎందుకు ఆగావు?"

"నువ్వు వద్దన్నావు."

"నీ మోకాలే అలా ఉండి ఉంటే," అంది, "నేను ఆ సాయంత్రమే చెప్పేసేదాన్ని."

తలుపు మూసుకుంది. ఆమె నవ్వుతోందో లేదో అద్దం మీద నీటి ఆవిరి వల్ల కనబడలేదు. బస్సు కొండ మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. అప్పుడు ప్రాక్టీసుకి పొద్దుపోయిందని గుర్తొచ్చి, గ్రౌండ్ వైపు పరిగెత్తాను.